తువ్వాలు కింద ప్రభుత్వం

ఎన్నికల ఫలితాలు వచ్చిన మర్నాటి నుంచి దళారి ఇంటి ముందు కార్లు ఆగడం మొదలైంది. నిన్నటి దాకా ఎదురుపడితే మొహం పక్కకి తిప్పుకున్న పెద్దమనుషులు ఇప్పుడు గుమ్మంలో నిలబడి, "ఒంట్లో ఎలా ఉందండీ?" అని అడుగుతున్నారు. ఆయన ఒంట్లో ఎప్పటిలాగే ఉంది. మారింది ధర. గేదె ఈనిందని తెలిశాక పాకలోకి తొంగిచూసే తలలు పెరగడం పశువుల సంతలో పుట్టి పెరిగిన మనిషికి వింతేమీ కాదు. వింతల్లా ఒకటే, ఈసారి గేదె తానే.

లెక్క చాలా తేలిక. పెద్ద పార్టీకి అందరికన్నా ఎక్కువ సీట్లు వచ్చాయి, కానీ సగం గీత దాటలేదు. రెండో పార్టీ దాని వెనకే ఆయాసపడుతూ వచ్చి ఆగింది. మధ్యలో, ఒక చేతి వేళ్ళకి సరిపోయేన్ని సీట్లతో, దళారి నాయకుడిగా ఉన్న సంత పార్టీ మిగిలింది. ఆ చెయ్యి ఎవరి భుజం మీద పడితే వాళ్ళు గీత దాటుతారు. అదీ బొటాబొటీగా, మడమ ఇంకా గీత మీదే ఉండేలా.

సంత పార్టీ పుట్టింది సిద్ధాంతంలోంచి కాదు, కడుపుమంటలోంచి. రెండేళ్ళ కిందట గాలికుంటు వచ్చింది. పశువుల నోళ్ళు పుళ్ళు పడ్డాయి, గిట్టలు చీలాయి, మేత ముట్టక ఎద్దులు మోకాళ్ళ మీద కూలబడ్డాయి. రోగం పాకుతుందని దేశంలో సంతలన్నీ మూసేశారు. టీకా ఉంది, కానీ అది రెండు విడతలు వెయ్యాలి. ఒకటి వేశాక ఆరు నెలలు ఆగి రెండోది వేస్తేనే పని చేస్తుంది. మొదటి విడత వేశారు. రెండోది వెయ్యాల్సిన నెలలో ప్రభుత్వం పడిపోయింది. పడిపోయిన ప్రభుత్వంలో కొత్త ఖర్చు మీద సంతకం పెట్టే చెయ్యి ఎవరికీ ఉండదు. రెండో సూది రాలేదు. రోగం మాత్రం వచ్చింది, మొదటిసారి కన్నా ఆకలిగా. సంతకి మళ్ళీ తాళం పడింది. అప్పుడు దళారులు, లారీలవాళ్ళు, మోకులు పేనేవాళ్ళు, గడ్డి అమ్మేవాళ్ళు ఒకచోట చేరి, "ఇంకెవరినో నమ్ముకుని లాభం లేదు" అనుకుని తామే పోటీకి దిగారు.

కాబట్టి దళారికి కావలసింది ఒక్కటే. సంత తెరుచుకోవాలి, తెరుచుకున్నది మళ్ళీ మూతపడకూడదు.

ముందుగా వచ్చినవాడు పెద్ద పార్టీ నాయకుడు. ఒకప్పుడు బళ్ళో లెక్కలు చెప్పేవాడు కనక దేశమంతా ఆయన్ని మాస్టారు అనే పిలుస్తుంది. కుర్చీలో కూర్చోగానే మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, పాఠం మొదలుపెట్టే ధోరణిలో గొంతు సవరించుకున్నాడు.

"ఏమయ్యా దళారీ, పశుసంవర్ధక శాఖ నీకు. అడగక ముందే ఇస్తున్నాను."

"మీ దయ మాస్టారూ."

"దయ కాదయ్యా, అవసరం. నాకు అవసరం, నీకు అవకాశం. నాలుగు రోజుల్లో అధ్యక్షుడు మళ్ళీ ఎన్నికలంటాడు. మళ్ళీ ఎన్నికలంటే నువ్వు గెలుస్తావో లేదో."

"మీరు మాత్రం?"

మాస్టారు నవ్వాడు గానీ ఆ నవ్వు మీసం దాటి పైకి రాలేదు. "అందుకే గదా వచ్చాను."

ఆయన కారు సందు మలుపు తిరిగిందో లేదో రెండో పార్టీ నాయకురాలి కారు వచ్చి ఆగింది. ఆవిడ డాక్టరు. వచ్చీరాగానే దళారి కళ్ళ కింద చూపుడువేలితో చర్మం లాగి చూసి, "రక్తం తక్కువగా ఉంది, ఆకుకూరలు తినండి" అని, ఆ తరవాతే రాజకీయం మొదలుపెట్టింది.

"ఆయనేం ఇస్తానన్నాడు?"

"మీరేం ఇస్తారో చెప్పండి డాక్టరమ్మా."

"ఆయన ఇస్తానన్నది, దాని మీద ఉపప్రధాని పదవి."

"మరి ఆయన మళ్ళీ వచ్చి దాని మీద ఇంకోటి వేస్తే?"

"వెయ్యనివ్వండి. ఆయన లెక్కల మాస్టారు, కూడికలే వచ్చు. తీసివేతలు నేను నేర్పిస్తాను."

ఆవిడ వెళ్ళాక దళారి మేనల్లుడు గదిలోకి ఊడిపడ్డాడు. పశువుల లారీలు తిప్పుతాడు, సంత పార్టీ టిక్కెట్టు మీద గెలిచి ఎంపీ అయ్యాడు. అందరికీ లారీ అల్లుడే. అప్పుడే కుట్టించుకున్న కోటు వేసుకుని ఉన్నాడు, చంకల దగ్గర ఇంకా దర్జీ సుద్దగీతలు పోలేదు.

"మావయ్యా, పాట పెరుగుతోంది! ఇంకో రెండు రోజులు బిగబట్టు. రవాణా శాఖ కూడా రాలుతుంది."

"కోటేంట్రా?"

"ప్రమాణస్వీకారానికి. అప్పటికప్పుడు కుట్టేవాడు దొరకడు గదా."

పక్కగదిలో గడ్డిమోపులు లెక్కచూసుకుంటున్న దళారి భార్య అక్కణ్ణుంచే అంది, "బిడ్డ పుట్టకముందే ఊయల కొన్నాడు సరే, పెళ్ళయిందో లేదో ముందు అడగండి."

ఆవిడ సంత గేటు పక్కన గడ్డి అమ్ముతుంది. ఊరంతా గడ్డి అత్త అంటారు. అత్త నోరు ఎంత పదునో తూకం అంత నిజం. సంత మూతపడ్డాక గడ్డి కొనేవాళ్ళు లేక కొట్లో మోపులు పైకప్పు దాకా పేరుకున్నాయి. కిందవి బూజు పట్టి, పైవి ఎండి, మధ్యవి ఎలుకలకి ఇల్లయ్యాయి.

ఆ సాయంత్రం దళారి ఒక్కడే నడుచుకుంటూ సంతకి వెళ్ళాడు. దొడ్లు ఖాళీగా ఉన్నాయి. గుంజలకి కట్టు తాళ్ళ ఒరిపిడికి పడిన నున్నటి గాట్లు అలాగే ఉన్నాయి. పశువులు తొక్కి తొక్కి రాయిలా చేసిన నేల మీద గడ్డి మొలిచింది. అంత పచ్చగా ఉన్న సంతని ఆయన పుట్టి ఎరగడు.

గుంజకి ఆనుకుని లెక్క వేసుకున్నాడు. మాస్టారితో కలిస్తే గీత మీద మడమ. డాక్టరమ్మతో కలిసినా అంతే. ఒక సభ్యుడికి జలుబు చేస్తే ప్రభుత్వానికి జ్వరం వస్తుంది. ఒకడు అలిగి ఓటింగు రోజున ఇంట్లో పడుకుంటే ఇక అంతే సంగతులు. ఇలాంటి ప్రభుత్వం మొదటి సూది వేయిస్తుంది. రెండో సూది దాకా బతుకుతుందా? ముసలి ఎద్దుకి రంగేసి తెచ్చిన అమ్మకందారుని చూసినట్టు తన బేరాన్ని తనే పైకీ కిందకీ చూసుకున్నాడు. తాను మంత్రి కావడం లాభం. ఆరు నెలల్లో మంత్రిగా పడిపోవడం నష్టం. పడిపోయిన మంత్రితో సంతలో ఎవడూ చెయ్యి కలపడు.

మిగిలిన దారి ఒకటుంది. మాస్టారూ డాక్టరమ్మా కలిస్తే సగం కాదు, దాదాపు సభంతా. ఎవరికి జలుబు చేసినా, ఎవరు అలిగినా నిలబడే ప్రభుత్వం. రెండు సూదులూ పడతాయి. కాకపోతే ఆ లెక్కలో దళారి వేళ్ళ అవసరం ఎవరికీ లేదు. ఇవ్వాళ ఇంటి ముందు ఆగిన కార్లు ఎల్లుండి హారనయినా కొట్టకుండా పోతాయి.

ఇంటికొచ్చి భార్యకి చెప్పాడు. ఆవిడ తాడు ముడి వేస్తున్నదల్లా ఆపింది.

"అంటే, వాళ్ళిద్దరి పెళ్ళి చేసి మీరు పందిట్లోంచి ఖాళీ చేతుల్తో వచ్చేస్తారు."

"దళారి చేసేది అదే గదే."

"దళారి కమీషను తీసుకుంటాడు."

"తీసుకుంటాను. రెండు విడతల టీకా. అదే నా కమీషను."

ఆవిడ మళ్ళీ ముడి బిగించింది. "అల్లుడికి చెప్పారా?"

"కోటు మడిచి పెట్టెలో పెట్టుకోమని చెప్పాలి."

"నవ్వకండి. వాడు గట్టిగానే ఆశ పెట్టుకున్నాడు."

దళారి ఆ మాటని ఈ చెవిన విని ఆ చెవిన వదిలేశాడు. బేరం మీద చూపు పడితే ఇంట్లోవాళ్ళ మొహాలు కనిపించవు ఆయనకి. అదొక జబ్బు.

మర్నాడు పొద్దున్నే ఇద్దరు నాయకులకీ విడివిడిగా ఒకే కబురు పంపాడు. 'సంత తూకం గదిలో నా నిర్ణయం చెప్తాను, ఒంటరిగా రండి.' ఇద్దరూ గెలిచామనుకునే వచ్చారు. గదిలో ఒకరినొకరు చూసుకోగానే ఇద్దరికీ అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఈవిడ ఎందుకొచ్చింది ఇక్కడికి?" అన్నాడు మాస్టారు.

"తూకానికి. మీరు కూడా అందుకే వచ్చుంటారు" అంది డాక్టరమ్మ. "బరువు మాట ఎలా ఉన్నా శబ్దం బాగానే వస్తుంది మీ దగ్గర్నుంచి."

దళారి తలుపు దగ్గర నిలబడి రెండు చేతులూ ఎత్తాడు. "ఒక్క నిమిషం వినండి, ఆ తరవాత ఎంతసేపైనా తిట్టుకోండి. నేను మీ ఇద్దరిలో ఎవరి వైపూ రాను. నాకు మంత్రి పదవి వద్దు. నేను రాకపోతే మీకు ప్రభుత్వం లేదు, మళ్ళీ ఎన్నికలే. జనం ఈసారి మీ ఇద్దరినీ ఏ మొహంతో చూస్తారో మీకూ తెలుసు. మీరిద్దరూ కలిస్తే మాత్రం ఎవరి కాళ్ళూ పట్టుకోనక్కర్లేదు."



"ఈవిడ పక్కన కూర్చునే కన్నా గడ్డి తింటానని దేశమంతా తిరిగి చెప్పానయ్యా నేను" అన్నాడు మాస్టారు.

"గడ్డికి కొదవలేదు మాస్టారూ, మా ఆవిడ కొట్లో పైకప్పు దాకా ఉంది."

డాక్టరమ్మ నవ్వు ఆపుకోలేకపోయింది. అయినా వెంటనే సర్దుకుంది. "నవ్వులాట కాదండీ. ఇక్కడ నేను ఇన్ని శాఖలు చాలని ఒప్పుకుంటే చాలు, బయట నా వాళ్ళే నన్ను అమ్ముడుపోయిందంటారు. ఆయన దిగినా అంతే. నోరు తెరిచి ఒక అంకె చెప్పినవాళ్ళు ఓడిపోయినట్టు."

"నోరు తెరవద్దు" అన్నాడు దళారి. భుజం మీది తువ్వాలు తీసి తూకం బల్ల మీద పరిచాడు.

సంతలో బేరం అలాగే జరుగుతుంది. కొనేవాడి చెయ్యి, అమ్మేవాడి చెయ్యి తువ్వాలు కింద కలుస్తాయి. ఎన్ని వేళ్ళు పట్టుకుంటే అంత ధర. చుట్టూ ఎంతమంది మూగినా అంకె ఎవరికీ తెలియదు. అందుకే తగ్గినవాడికి పరువు పోదు, పెంచినవాడికి వెర్రివాడన్న పేరు రాదు. నోటితో మాత్రం ఎవరి ఇష్టం వాళ్ళది. "ఇది ఎద్దా, మేకా?" అని ఒకడు అరుస్తాడు. "నీ కళ్ళు చూపించుకో" అని ఇంకొకడు అరుస్తాడు. అరుపులు జనానికి, వేళ్ళు బేరానికి. దళారి తువ్వాలు అంచు పట్టుకుని నిలబడతాడు, రెండు చేతులూ విడిపోయే దాకా.

"ఎవరికెన్ని శాఖలు, ముందు ఎవరు ప్రధాని, అన్నీ దీని కిందే. నాకు కూడా తెలియదు. బయటికెళ్ళి మీ వాళ్ళకి మీకు నచ్చిన కథ చెప్పుకోండి" అన్నాడు దళారి.

మాస్టారు తువ్వాలు వంక అనుమానంగా చూశాడు. చిన్నప్పుడు నాన్నతో సంతకి వచ్చిన గుర్తేదో మొహంలో కదిలింది. చొక్కా చెయ్యి కొంచెం పైకి లాక్కున్నాడు.

డాక్టరమ్మ కదలలేదు. "నాకో సంగతి తెలుసు. మా ఊరి సంతలో కూడా ఇదే పద్ధతి. తన పశువు బేరంలో ఉన్న దళారి తువ్వాలు పట్టకూడదు. అవునా?"

"అవును. నాకే పశువూ లేదు, ఇప్పుడేగా చెప్పాను."

"మీకు లేదు. మీ మేనల్లుడికి?"

మాస్టారు కిటికీ వైపు చూడడం మొదలుపెట్టాడు. ఆ చూపు చాలు దళారికి.

"నిన్న మధ్యాహ్నం మీ అల్లుడు ఆయనింటికి వెళ్ళాడు" అంది డాక్టరమ్మ. "రవాణా శాఖ ఇస్తే, మీరు ఎటు పోయినా తను మాత్రం ఆయన వైపు ఓటేస్తానన్నాడు. నాకు తెలియకుండా ఆయనింట్లో చీపురు కూడా కదలదు. ఆయన చేతిలో ఆ ఓటు పెట్టుకుని నాతో బేరానికొచ్చాడు. మీరు తువ్వాలు పట్టుకుని నిలబడ్డారు. ఇది సంతా, మోసమా?"

దళారికి మొహం మీద ఎవరో చల్లనీళ్ళు కొట్టినట్టయింది. ఇన్నేళ్ళుగా ఎన్ని బేరాలు చేశాడో, ఒక్కసారీ ఈ మాట పడలేదు. తెలియదంటే చెల్లదు. దళారికి తెలియకపోవడం కూడా దళారి తప్పే. భార్య రాత్రి చెప్పబోయిన మాటని పూర్తిగా విని ఉంటే ఇక్కడ తలదించుకునే పని ఉండేది కాదు.

"నిజమే డాక్టరమ్మా. నేను పట్టకూడదు" అన్నాడు.

"అయితే బేరం లేదు" అంది ఆవిడ, సంచి భుజాన వేసుకుంటూ.

"ఉంది. పట్టేవాళ్ళు వేరే ఉన్నారు." తలుపు తెరిచి గట్టిగా పిలిచాడు. "ఏమేయ్, ఇటు రా!"

గడ్డి అత్త చీర కుచ్చిళ్ళలోంచి గడ్డిపరకలు దులుపుకుంటూ వచ్చింది. విషయం రెండు ముక్కల్లో విని, ఇద్దరు నాయకుల్నీ పశువుల్ని చూసినట్టు ఎగాదిగా చూసింది.

"మీ ఆవిడ మీ మనిషే గదయ్యా" అన్నాడు మాస్టారు.

"నేను గడ్డి అమ్ముకునేదాన్ని మాస్టారూ" అంది అత్త. "ఎవరి పశువు తిన్నా నాకు ఒకటే. ఈయన మంత్రయితే పట్నంలో కాపురం పెట్టాలి, నాకు కొట్టు వదిలి రావడం చచ్చినా ఇష్టం లేదు. ఇక అల్లుడంటారా, వాడు నా మాట వింటే ఆ కోటే కుట్టించుకునేవాడు కాదు." అని దళారి వైపు తిరిగింది. "మీరు బయటికి నడవండి. వాణ్ణి కూడా తీసుకెళ్ళండి, తలుపు దగ్గర చెవి పెట్టుకుని నిలబడ్డాడు."

డాక్టరమ్మ సంచి మళ్ళీ కింద పెట్టింది. "ఈవిడైతే సరే" అంది.

తలుపు మూసుకుంది.

బయట తూకం బండ మీద మావయ్యా అల్లుడూ పక్కపక్కన కూర్చున్నారు. లోపల్నుంచి మాస్టారి గొంతు గోడ దాటి వచ్చింది. "మీ పార్టీ వల్ల ఈ దేశం అడుక్కు తినాలి!"

"అయిపోయింది" అన్నాడు అల్లుడు. "తిట్టుకుంటున్నారు."

"తిట్టుకోనీ."

"మావయ్యా, నన్ను తిట్టవా?"

"తిడితే నా తప్పు తగ్గుతుందా? నిన్ను అడగకుండా నీ ఓటు నాదేననుకున్నాను. అదే నా బుద్ధి తక్కువ."

అల్లుడు కోటు గుండీ తిప్పుకుంటూ కూర్చున్నాడు. "నాకు లారీలు ఆరేడున్నాయి మావయ్యా. రెండేళ్ళుగా షెడ్డులో నిలబడి టైర్లు పగుళ్ళిచ్చాయి. డ్రైవర్లు ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. నువ్వేమో సంత సంత అంటావ్. సంత తెరుచుకోకపోతే? కనీసం మంత్రినైనా అయితే రేపు నా పిల్లలకి చెప్పుకోడానికి ఒకటుంటుందని..."

లోపల డాక్టరమ్మ కేక వేసింది. "మీకు కళ్ళజోడు మార్చాలి, బుర్ర కూడా మార్చాలి!"

"చూశావా" అన్నాడు అల్లుడు.

"నువ్వు సంతలో పెరిగావు గదరా. అరుపులు వినపడుతున్నంతసేపూ వేళ్ళు పని చేస్తున్నట్టే."

అల్లుడు ఒక్కసారి తలెత్తి విన్నాడు. మాస్టారు ఏదో వెక్కిరించాడు, డాక్టరమ్మ రెట్టింపు వెక్కిరించింది. మధ్యలో అత్త "ఆ తువ్వాలు లాగకండి, చిరుగుతుంది" అన్న మాట వినిపించింది. అల్లుడి పెదవి చివర చిన్న నవ్వు పుట్టింది.

"అల్లుడూ, ఒక్కటి చెప్పు. నువ్వు మాస్టారికిచ్చిన మాట ఉంది. వాళ్ళిద్దరూ కలిస్తే ఆ మాటకి విలువ లేదు. కలవక, మాస్టారు ఎలాగో గీత దాటినా, నీకు రవాణా శాఖ ఆరు నెలలే. ఆ తరవాత మళ్ళీ షెడ్డు. నీకేది లాభమో నువ్వే లెక్క చూసుకో. నేనేం చెప్పను."

అల్లుడు చాలాసేపు నేల మీది గడ్డి పీకుతూ కూర్చున్నాడు. పీకిన చోట కింద, పశువుల గిట్టల అచ్చులున్న పాత గట్టి నేల బయటపడింది. లేచి, తలుపు దగ్గరికి వెళ్ళి, బయట నుంచే గట్టిగా అన్నాడు, "మాస్టారూ! నేనిచ్చిన మాట వెనక్కి తీసుకుంటున్నాను. నా ఓటు ఎవరి దొడ్లోనూ లేదు."

లోపల మాస్టారు మునుపటి కన్నా గట్టిగా అరిచాడు. కానీ ఈసారి అరుపులో నిజమైన కోపం ఉంది. అల్లుడి ఓటు చేతిలోంచి పోయింది కదా, ఇక మాస్టారు లేచిపోతాడేమో అనుకున్నాడు దళారి. కుర్చీ జరిగిన చప్పుడు. ఎవరో నిలబడ్డారు. డాక్టరమ్మ ఏదో తక్కువ గొంతుతో అంది, మాట అర్థం కాలేదు. మళ్ళీ కుర్చీ జరిగిన చప్పుడు. మళ్ళీ తిట్లు మొదలయ్యాయి, ఈసారి ఇద్దరివీ కలిసి.

తరవాత హఠాత్తుగా నిశ్శబ్దం.

సంతలో ఈ నిశ్శబ్దానికి రెండే అర్థాలు. బేరం కుదిరి ఉండాలి, లేదా చెడి ఉండాలి. ఏదన్నది తెలిసేది చేతులు బయటికి వచ్చాకే. దళారి లేచి నిలబడ్డాడు. తన జీవితంలో ఎన్ని బేరాలకో తువ్వాలు పట్టాడు గానీ, బయట నిలబడి ఎదురుచూడడం ఇదే మొదలు. ఇంత కష్టమని తెలిస్తే ఇన్నాళ్ళూ రైతుల్ని అంతసేపు నిలబెట్టేవాడు కాడు.

తలుపు తెరుచుకుంది. ముందు అత్త వచ్చింది, తువ్వాలు మడిచి భుజాన వేసుకుని.

"ఏమైంది?"

"ఏమవుతుంది? ఇద్దరికీ చెమటలు పట్టాయి, మంచినీళ్ళు పంపించండి."

"కుదిరిందా లేదా చెప్పవే తల్లీ!"

"కుదిరింది."

అల్లుడు ఎగిరి గంతేసినంత పని చేశాడు. "ఎవరికెన్ని?" అన్నాడు దళారి, అలవాటు కొద్దీ.

"సిగ్గు లేదూ అడగడానికి?" అంది ఆవిడ.

"సరేలే. మరి కమీషను? నేను అడగాల్సింది, నన్ను బయటికి పంపావు."

"నేను అడిగాను. రెండు విడతల టీకాకి ముందే డబ్బు పక్కన పెట్టండి అన్నాను. దానికి డాక్టరమ్మ ఏమన్నారంటే, డబ్బు పక్కన పెడితే రేపు ఎవడో వచ్చి వేరే దానికి తీస్తాడు, రెండు విడతల మందూ ఇప్పుడే కొని చల్లగదుల్లో పెట్టేద్దాం, ప్రభుత్వం పడినా మందు పడదు గదా అన్నారు. మాస్టారు కూడా తల ఊపారు. మొదటి సంతకం దాని మీదేనట."

ఆ ఉపాయం దళారికి తట్టనే లేదు. మనసులోనే డాక్టరమ్మకి దణ్ణం పెట్టుకున్నాడు. డబ్బుని నమ్మే బదులు సరుకుని నమ్మడం అసలు వ్యాపారస్తుడి లెక్క. ఆవిడ తప్పిపోయి వైద్యంలోకి వెళ్ళింది గానీ.

నాయకులిద్దరూ బయటికి వచ్చారు. గేటు దగ్గర విలేకరులు మూగారు. మాస్టారు "దేశం కోసం ఒక మెట్టు దిగాను" అన్నాడు. డాక్టరమ్మ "ఆయన ఒక మెట్టు దిగారు, దేశం కోసం నేను చూసీ చూడనట్టున్నాను" అంది. ఇద్దరూ రెండు కార్లెక్కి రెండు వైపులకి పోయారు. దళారి వైపు ఒక్క కెమెరా కూడా తిరగలేదు.

కొత్త ప్రభుత్వం ప్రమాణస్వీకారం చేసిన రోజున సంత పార్టీ వాళ్ళు సభలో చివరి వరసలో కూర్చున్నారు. అల్లుడు కోటు వేసుకునే వచ్చాడు. కుట్టించాక వేసుకోకపోతే గుడ్డ దండగ అన్నాడు. దళారి ఇంటి ముందు కార్లు మాయమయ్యాయి. కిరాణా కొట్టువాడు మళ్ళీ "ఏం కావాలి?" అని తలెత్తకుండా అడగడం మొదలుపెట్టాడు. దళారి ఆ నష్టాన్ని ముందే లెక్కలో రాసుకున్నాడు కనక పెద్దగా బాధపడలేదు. కొంచెం పడ్డాడు. అంతమంది ఒంట్లో ఎలా ఉందని అడిగితే ఎవరికైనా అలవాటవుతుంది.

ప్రభుత్వంలో రోజూ గొడవే. ఒకరు తెరిచిన కిటికీ ఇంకొకరు మూస్తారు. పత్రికలు ఇవ్వాళ పడుతుంది, రేపు పడుతుంది అని రాస్తూనే ఉన్నాయి. అది మాత్రం పడలేదు. కొట్లాడుకోవడానికైనా ఇద్దరూ ఒకే బల్ల దగ్గర కూర్చోవాలి గదా. మందు పెట్టెలు చల్లగదులకి చేరాయి. అల్లుడి లారీల్లోనే చేరాయి. కొత్త టైర్లు వేయించి, పాత డ్రైవర్లని ఇంటింటికీ వెళ్ళి బతిమాలి తెచ్చుకున్నాడు. మొదటి సూది పడింది. పశువులు బెదిరాయి, ఒకటి పశువైద్యుడి పాదం తొక్కింది, అంతకు మించి గండమేమీ రాలేదు. కొన్ని వారాలు చూసి, కొత్త పుళ్ళు ఎక్కడా లేవని తేల్చాక, సంత తెరవడానికి అనుమతి వచ్చింది.

సంత తెరిచిన పొద్దున దళారి గేటు తీశాడు. గేటు బయట దారి పొడుగునా పశువులు, రైతులు, వాటి మధ్య దుమ్ము. ఒక ముసలి రైతు ముందు వరసలో పెయ్య తాడు పట్టుకుని నిలబడ్డాడు.

"బాబూ, ఈ ప్రభుత్వం ఎన్నాళ్ళుంటుందంటావ్?" అన్నాడు రైతు.

"పళ్ళు చూసి పశువు వయసు చెప్తాను గానీ ప్రభుత్వం నోరు నేనెక్కడ తెరిపించను పెద్దాయనా? రెండో సూది మందు మాత్రం చల్లగదిలో ఉంది. నేను చేత్తో తాకి వచ్చాను."

రైతు తల ఊపి పెయ్యని ముందుకి నడిపించబోయాడు. అది కదలలేదు. సంత మూతపడ్డాక పుట్టిన పెయ్య అది. గేటూ గుంజలూ ఇంతమంది మనుషులూ, అన్నీ దానికి కొత్తే. ముందరి కాళ్ళు నేలలో గుచ్చి, చెవులు నిక్కబొడుచుకుని నిలబడిపోయింది. దాని వెనక వరస మొత్తం ఆగింది. వెనకాల నుంచి ఎవరో "ఏంటయ్యా ఆలస్యం!" అని కేకేశారు. లారీ దిగి వచ్చిన అల్లుడు తోక మెలేయబోతే దళారి చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఉండరా. దానికి తొందర లేదు, మనకీ లేదు."

గడ్డి అత్త కొట్లోంచి ఒక గుప్పెడు పచ్చగడ్డి తెచ్చి గేటు లోపల నేల మీద వేసి, వెనక్కి తిరిగి చూడకుండా తన బేరానికి తాను వెళ్ళిపోయింది. పెయ్య ముక్కు చాచి వాసన చూసింది. ఒక గిట్ట ఎత్తింది, ఆలోచించింది, గేటు గీత లోపల పెట్టింది. ఆ తరవాత రెండోది.